ఆఖరి స్టాపు దగ్గర పడవలు

బహుళ పంచమి

గాలి తూర్పు నుంచి. నా గదిలో లినక్స్ యంత్రం నడుస్తోంది. బజారులో అందరూ చూసే పెద్ద తెరకు తగిలించిన పాత మ్యాక్ నడుస్తోంది. తుఫాను షెల్టర్ దగ్గర యాకోబు గారి విండోస్ యంత్రం పొద్దుటి నుంచి రెండుసార్లు పడుకుని లేచిందట. నా నడుము ఒక్కసారే పడుకుంది, ఇంకా లేవలేదు.

ఈ లాగ్ రాయమని వారధి కమిటీవాళ్లు అడిగారు. "రేపు నువ్వు లేకపోతే ఎవరికైనా తెలియాలి గదా" అన్నారు. అంటే నేను పోవడం ఖాయమైపోయింది, రోజే తేలాలి. సరే, తెలియాల్సినవాళ్ల కోసం రాస్తున్నాను. నా పేరు వజ్రం. వారధి మీద స్తంభానికీ స్తంభానికీ మధ్య ముక్కను ఖానా అంటాం, ఖానాకు ఐదారు ఇళ్లు. మాది ఎనిమిదో ఖానా. కింద ఒకప్పుడు నది ఉండేదట. నాకు ఊహ తెలిసేసరికే సముద్రం వచ్చి కూర్చుంది.

పని ఇది. ప్రతి పడవలో ఒక రేడియో డబ్బా, దానికో చిన్న తెర. డబ్బా అప్పుడప్పుడూ గరగరమని ఒక్క క్షణం మాట్లాడుతుంది. ఆ గరగరలో పడవ పేరు, అది ఉన్న చోటు ఉంటాయి. ఆకాశంలో కొన్ని ఉపగ్రహాలు ఇంకా తిరుగుతున్నాయి. వాటిని చూసుకునేవాళ్లు ఎప్పుడో పోయారు. అవి మాత్రం అడిగినవాళ్లకల్లా నువ్వు ఫలానా చోట ఉన్నావని చెబుతూనే ఉన్నాయి. మా ప్రోగ్రాం ఆ గరగరలు విని మ్యాప్ మీద గుర్తులు పెడుతుంది. మ్యాప్ పాతది. అందులో ఇంకా రోడ్లున్నాయి, హైస్కూళ్లున్నాయి, పెట్రోలు బంకులున్నాయి. మా పడవలు పెట్రోలు బంకుల మీంచి వలలు లాగుతాయి.

ప్రోగ్రాం మేము పుట్టించింది కాదు. ఎక్కడెక్కడివాళ్లో రాసి, అందరికీ వదిలేసిపోయారు. అడిగినవాడికి కాదనకుండా ఇవ్వాలని కోడ్ పైనే షరతు రాసి పెట్టారు. మేము దాన్ని మూడు రకాల యంత్రాల మీద బిల్డ్ చేసుకున్నాం. ఒకే కూరను మూడు పొయ్యిల మీద వండడం అది. ఒకచోట మాడుతుంది, ఒకచోట ఉడకదు. ఇవాళ పొద్దున్న మ్యాక్ ఏదో లైబ్రరీ లేదని మొరాయించింది. దానితో వాదించి, ఆ తరువాత యాంటెనా కీళ్లకు పట్టిన ఉప్పును చింతపండుతో తోమాను.

తమ్ముడు సింహాద్రి విదియ నాడు పీతల వలలు వేసుకుని వెళ్లాడు. వాడి పడవ గంగచిలక. నిన్నటి నుంచి డబ్బా మాట్లాడలేదు. మబ్బు పట్టి సోలార్ పలకకు ఎండ తగలక అయివుంటుంది. వాడి డబ్బా నేను అతికించిందే. గరగర చివర కీచుమని ఒక సాగుడు ఉంటుంది. దాన్ని సరిచేస్తానంటే "ఉండనీ అక్కా, నేనని తెలుస్తది" అన్నాడు.

బహుళ సప్తమి

మబ్బు విడిచింది. డబ్బా మాత్రం పలకలేదు.

మధ్యాహ్నం మరదలు అచ్చియ్యమ్మ బజారు తెర దగ్గర నుంచి పరుగెత్తుకొచ్చింది. "ఒదినా, కదులుతున్నాడు. తెర మీద సూడు, ముందుకే ఎల్తన్నాడు."

"అది వాడు కాదే. ప్రోగ్రాం అనుకోవడం" అన్నాను. డబ్బా పలకడం మానేస్తే, ఆఖరున ఏ దిక్కుకు ఎంత వేగంతో పోతోందో చూసి, ఈపాటికి ఇక్కడిదాకా వెళ్లి ఉంటుందని గుర్తును ముందుకు జరుపుతుంది. దాన్ని అంచనా అంటాం.

"అనుకోనీ" అంది అచ్చియ్యమ్మ. "ఎవరో ఒకరు అనుకుంటన్నారు గదా."

తెరను ఆమె వైపు తిప్పాను.

అసలు ప్రోగ్రాంలో పలకని పడవ గుర్తు కొన్ని గంటల తరువాత దానంతటదే చెరిగిపోయేది. మా వారధి మీద అది కుదరలేదు. మొదటిసారి ఒక గుర్తు అలా మాయమైనప్పుడు ఆ ఇంటి ముసలమ్మ తెర ముందు కూలబడిపోయింది. ఆ గుర్తును తిరిగి పెట్టి, అప్పుడే ఒక కట్టుబాటు పెట్టుకున్నాం. పడవ నీళ్లలోకి దిగే ముందు ఇంటివాళ్లు నా దగ్గర ఒక రహస్యపు మాట పెడతారు. పెట్టేటప్పుడు దాన్ని నేను చూడను, యంత్రం చూస్తుంది. ఆ ఇంటి మనిషి వచ్చి ఆ మాట ఇస్తేనే గుర్తు చెరుగుతుంది. మాట ఇచ్చారంటే మనిషి పోయాడని ఒప్పుకున్నట్టు. ఆ రోజు ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, ఇరుగుపొరుగు అన్నం పెడతారు. పడవల్లో ఉన్న తెరలు కూడా ఈ మాట వినకుండా ఏ గుర్తునూ వదలవు. కట్టుబాటును కోడ్‌లోనే రాసేశాం.

ఇప్పటిదాకా మాట ఇచ్చిన ఇళ్లు తక్కువ. మ్యాప్ మీద పలకని గుర్తులు చాలా ఉన్నాయి.

బహుళ నవమి

గంగచిలక మలుపు తిరిగింది.

నా కళ్ల ముందే తిరిగింది. దక్షిణంగా పోతూ పోతూ, నీళ్ల మధ్యలో ఒకచోట ఆగి, పడమరకు తిరిగి మళ్లీ నడిచింది. నా బిల్డ్‌లో అంచనా తిన్నగా పోవడమే తెలిసినది. గీత గీసినట్టు పోతుంది, మలుపు తిరగదు. కాబట్టి నిజంగా సింహాద్రే తిప్పాడనుకున్నాను. రేడియో పెద్దది చేసి విన్నాను. గరగరలు వినిపిస్తున్నాయి, లెక్కలేనన్ని. కీచు లేదు.

తిరిగిన చోటును మ్యాప్‌లో పెద్దది చేసి చూశాను. నాలుగు రోడ్ల కూడలి. బస్సు స్టాపు బొమ్మ, పక్కన గ్రంథాలయం.

అప్పుడు మిగతా గుర్తులు చూశాను. సముద్రం మధ్యలోకి నేనెప్పుడూ చూడను, అక్కడ మావాళ్లెవరూ ఉండరు గనక. ఇవాళ చూశాను. పలకని పడవలన్నీ నడుస్తున్నాయి. పాతవీ, కొత్తవీ. ఒక్కటీ రోడ్డు దిగడం లేదు. మునిగిపోయిన ఊళ్ల మధ్య నుంచి, వంతెనల మీదుగా, మలుపు దగ్గర మలుపు తిరుగుతూ, ఒకదాని వెనక ఒకటి పోతున్నాయి. కొన్ని ముందే చేరుకుని రేవులంకలో నిలబడి ఉన్నాయి. రేవులంక మా సొంత ఊరు. సింహాద్రీ నేనూ అక్కడే పుట్టాం. ఇప్పుడు దాని మీద తాటిచెట్టంత నీరు.

కాసేపు తెర ఆపేసి కూర్చున్నాను. భయం వేసింది. ఇలాంటి లాగ్‌లో భయమని రాయకూడదేమో, కానీ వేసింది.

బహుళ దశమి

బజారులో ఇక దాచేది లేదు. అచ్చియ్యమ్మ చూసింది, అందరూ చూశారు. గంగచిలక రేవులంక చేరి ఆగింది.

"ఊరికెల్లేడు" అంది అచ్చియ్యమ్మ. "పుట్టినూరు గదా. ఎల్లి తీసుకురండి."

వద్దన్నాను. ఎవరు వింటారు? రెండు పడవలు వెళ్లాయి. సాయంత్రం ఎండ ఉండగానే తిరిగొచ్చాయి. పెద్ద పడవ సరంగు బంగారయ్య మామూలుగా నోరు మూయని మనిషి. ఇవాళ చెప్పుల్లో కాళ్లు పెట్టుకోవడానికి కూడా తడుముకున్నాడు.

"ఏముంది బాబాయ్ అక్కడ?" అని అడిగాను.

"నీళ్లు."

"అంతేనా?"

"నీళ్లేనమ్మా. అటూ ఇటూ ఎక్కడా పడవన్నది లేదు. తెర సూస్తేనేమో మా సుట్టూ నిండా పడవలే. మా అన్న పడవ మా పడవకి ఆనుకుని ఉంది. ఆడు పోయి ఎన్నేళ్లో. నేను పక్కకి సెయ్యి సాపేను." ఆయన ఆ చెయ్యి వైపు చూసుకున్నాడు. "ఇంకెప్పుడూ నన్నటు ఎల్లనియ్యకు."

బహుళ ఏకాదశి

యాకోబు గారిని రేడియోలో పట్టుకున్నాను. షెల్టర్ దూరం. ఆయన్ని నేను రెండుసార్లే చూశాను, గొంతు మాత్రం రోజూ వింటాను. ఊళ్లు మునగక ముందు ముప్పై ఏళ్లు బస్సు నడిపాడు.

"ఆయ్, చెప్పండి వజ్రమ్మ గారూ. ఓవర్."

"మీ బిల్డ్‌లో అంచనాకు ఏం పెట్టారండీ? గుర్తులు రోడ్ల మీద నడుస్తున్నాయి. ఓవర్."

మెల్లగా చెప్పాడు. "కోడ్‌లో కార్ల కోసమని ఒకటుందండి. పెద్ద రోడ్డు పట్టుకుని పోతది, రోడ్డు ఎక్కడైపోతే అక్కడాగుతది. మీ లినక్స్‌లో అది బిల్డ్ అవలేదన్నారు, నా దాంట్లో అయిందండి. నాకు రోడ్లు చూడాలనిపించిందండి. ఎప్పుడో పెట్టేను. నా మెషీన్లో ఒక్కటే కదా అనుకున్నాను. ఓవర్."

ఒక్కటే కాదు. ఆయన యంత్రం అనుకున్నదాన్ని అనుకున్నట్టే ఊరుకోలేదు, రేడియోలో వార్తగా చెప్పింది. నా యంత్రం దాన్ని వార్తగానే విని, తన వంతు తనూ చెప్పింది. పడవల్లో డబ్బాలు విన్నవి విన్నట్టు పక్కవాటికి అందించాయి. ఎక్కడా ఎవరూ అబద్ధం చెప్పలేదు. మూడు యంత్రాలు ఒకదాని మాట ఒకటి నమ్మాయి, అంతే.

"మరి అన్నీ రేవులంకలోనే ఎందుకు ఆగుతున్నాయండీ? ఓవర్."

"అది ఆఖరి స్టాపు కదండి. ఆ రూటులో బస్సులన్నీ అక్కడికే పోతాయి. ఓవర్."

ఆయన వెంటనే తన అంచనా ఆపేశాడు. నేనూ నాది ఆపేశాను. గుర్తులు నడవడం ఆగింది, కానీ చెరగలేదు. ఇంటివాళ్ల మాట వినని డబ్బాలు వాటిని వదలవు. ఇప్పుడు ఎవరి పడవ డబ్బా చూసినా పోయినవాళ్ల చోటును పక్కడబ్బాకు చెబుతోంది. డబ్బాలన్నీ విప్పి కొత్త కోడ్ ఎక్కించాలంటే పడవలన్నీ ఒడ్డున ఉండాలి. సగం సముద్రం మీద ఉన్నాయి.

బహుళ త్రయోదశి

ఎండ నడినెత్తికి వచ్చిన వేళ, గరగరల మధ్య సందులో, కీచుమంది.

ఒక్కసారే. చివరి సాగుడు ఒక్కటే దొరికింది, ముందుది ఇంకో గరగర కింద పడిపోయింది. కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. ఆ కీచు నాకు తెలుసు. ఇన్ని డబ్బాలు అతికించాను, అలా కీచుమనేది ఇంకొకటి లేదు. సింహాద్రి డబ్బా ఎక్కడో బతికి ఉంది.

కింద కూర్చుని మళ్లీ వినడం మొదలుపెట్టాను, అప్పుడు తెలిసింది. మా అందరికీ ఉన్నది ఒక్కటే దారి. గాలిలో ఒక్కసారి ఒక్కరే మాట్లాడగలరు. ఇద్దరు మాట్లాడితే గట్టిగా మాట్లాడినవాడి మాటే చేరుతుంది. పోయినవాళ్ల పేర్లు ఎక్కడబడితే అక్కడి నుంచి, దగ్గర నుంచి, గట్టిగా వినిపిస్తున్నాయి. ఎక్కడో దూరాన చచ్చుబడిన పలకతో వాడు బలహీనంగా చెబుతున్న మాటకు సందు దొరకడం లేదు. పోయినవాళ్లు మాట్లాడడం ఆపితే గాని బతికున్నవాడు వినిపించడు.

ఆ పేర్లలో గట్టిగా వినిపించేది గంగచిలక. వాడి పేరే వాడి నోరు నొక్కుతోంది.

చతుర్దశి

అచ్చియ్యమ్మకు చెప్పాను. కూర్చోబెట్టి, నీళ్లిచ్చి, రెండుసార్లు చెప్పాను.

"బతికున్నాడంటన్నావు" అంది.

"డబ్బా బతికుంది. వాడూ ఉన్నాడనే నా నమ్మకం."

"బతికున్నోడిని సచ్చిపోయేడని నా నోటితో సెప్పమంటన్నావు."

"చెబితేనే దొరుకుతాడు."

"దొరక్కపోతే?"

ఆమె లేచి చీర కొంగు దులుపుకుంది. "రేవులంకలో ఆగేడు. అక్కడున్నంతసేపూ ఎక్కడో ఒకచోట ఉన్నాడు. నేను మాటిస్తే ఎక్కడా ఉండడు. నువ్వు ఆయనకి అప్పవి, నీకేం, ఇంకోటి బిల్డు సేసుకుంటావు" అని వెళ్లిపోయింది. కోపంలో అన్నదే అయినా గుచ్చుకుంది. సాయంత్రం పాటుకు నీరు వెనక్కి తీసేదాకా అన్నం ముట్టలేదు.

అమావాస్య

ఇవాళ కీచు వినిపించలేదు. పోటు ఎక్కువ. నీరు ఖానాల కింద దాకా వచ్చి గోడలు తడిపింది.

మిట్టమధ్యాహ్నం అచ్చియ్యమ్మ వచ్చింది. పొయ్యి ఆర్పి, ఇల్లు ఊడ్చి, తల దువ్వుకుని వచ్చింది. గుమ్మం దగ్గర నిలబడి, "రేడియోలో సెబుతాను. అందరూ ఇనాలి" అంది.

మాట రహస్యం, రేడియోలో చెప్పనక్కర్లేదు, నా చెవిలో చెబితే చాలన్నాను. మాట నా చెవిలో చెప్పింది. అది ఇక్కడ రాయను. ఒక తిండి పదార్థమని, దాని కోసం వాళ్లిద్దరూ చాలాసార్లు పోట్లాడుకున్నారని మాత్రం చెబుతాను. తరువాత నా చేతిలోంచి మైకు లాక్కుంది.

"నేను అచ్చియ్యమ్మని. గంగచిలక మా ఆయనది. ఆయన గుర్తు తీసేయమని నా ఇష్టపూర్తిగా సెబుతున్నాను. మీ ఇళ్లల్లో పోయినోళ్ల గుర్తులు కూడా తీసేయండి. ఒక్క పూట గాలి కాళీ సెయ్యండి. మీకు దండం పెడతాను. మా ఆయన మాట్టాడాలి, సందియ్యండి."

తెర మీద రేవులంకలో ఒక గుర్తు చెరిగింది. ఆమె దాన్నే చూసింది. ఏడవలేదు. పక్క ఖానావాళ్లు అన్నం తెస్తే అందులో ఒక్క ముద్ద తింది, కట్టుబాటు గనక.

శుద్ధ పాడ్యమి

పొద్దున్నే బంగారయ్య వచ్చాడు. ఎవరితోనూ మాట్లాడకుండా నా పక్కన కూర్చుని, చెవిలో అన్న ఇంటి మాట చెప్పాడు. "ఇదిగో, ఇచ్చేను. నాకింక సెయ్యి సాపే పనిలేదు" అన్నాడు.

ఆయన వెనక మిగతావాళ్లు. ఎప్పుడో తెర ముందు కూలబడిన ముసలమ్మ కూతురి భుజం పట్టుకుని వచ్చింది. కొందరికి మాట గుర్తులేదు, ఇంటికి పోయి వెతుక్కుని వచ్చారు. ఒకాయన మాట ఇచ్చి, "కాసేపాగి నొక్కమ్మా" అని తెర దగ్గర నిలబడి చూసి, సరేనన్నాడు. షెల్టర్ వైపు ఇళ్ల మాటలు యాకోబు గారు తీసుకున్నారు. ఆయన సముద్రంలో పోయిన తన కొడుకు గుర్తు కూడా తీసేశాడు. వాడికో గుర్తుందని నాకు ఇన్నాళ్లూ చెప్పనేలేదు. రోడ్లు ఎందుకు చూడాలనిపించిందో ఇప్పుడు తెలిసింది. ఓవర్ అని కూడా అనలేకపోయాను.

వారధి మీద సగం పొయ్యిలు వెలగలేదు.

ఎండెక్కేసరికి రేడియో నిశ్శబ్దమైంది. నేను ఈ పని మొదలుపెట్టాక గాలి ఇంత ఖాళీగా ఉండడం ఎప్పుడూ వినలేదు.

అప్పుడు వచ్చింది. పూర్తిగా వచ్చింది, ముందూ వెనకా చెడకుండా, చివర కీచుతో సహా. తెర మీద గంగచిలక కొత్తగా వెలిగింది. రేవులంకకు పూర్తిగా ఎదురువైపు, మేము ఒక్క పడవనైనా పంపని దిక్కున. మ్యాప్‌లో అక్కడ ఒక మంచినీళ్ల ట్యాంకు బొమ్మ ఉంది.

బంగారయ్య అప్పటికే మెట్లు దిగుతున్నాడు.

శుద్ధ తదియ

తెచ్చారు. బతికే ఉన్నాడు. మునిగిన కరెంటు స్తంభానికి తగిలి పడవ అడుగు చీలిందట. ట్యాంకు మెట్లకు కట్టుకుని పైకెక్కాడు. పైన వాననీళ్లు నిలిచి ఉన్నాయి, గాలం ఉంది, చేపలు పచ్చివే తిన్నాడు. మైకు నీళ్లలో పోయింది. డబ్బాకు మధ్యాహ్నం పూట కాస్త ప్రాణం వచ్చేది.

పెదాలు పగిలిపోయి మాట మెల్లగా వస్తోంది. అచ్చియ్యమ్మ గంజి పడుతుంటే మధ్యలో ఆపి నాతో చెప్పాడు.

"తెర పనిచేసిందక్కా. అందరూ కనబడేవోరు. నేనూ కనబడేవోణ్ణి. ట్యాంకు మీద కూకుని సూత్తన్నాను, నేనేమో రోడ్డు మీద ఎల్తన్నాను. గ్రంథాలయం కాడ తిరిగేను. మనూరెల్లేను. అక్కడాగిపోయేను." గంజి మింగాడు. "మీరు రెండు పడవలేసుకుని నా కాడికొచ్చేరు. సూసేను. వచ్చి, ఎల్లిపోయేరు. అప్పుడు అనిపించింది, ఆడే నేనేమో, ఇక్కడ కూకున్నోడు ఎవడో అని."

"పిచ్చి మాటలు మాట్టాడకు" అంది అచ్చియ్యమ్మ.

"నువ్వు రేడియోలో సెప్పింది ఇన్నాను" అన్నాడు ఆమెతో. "ఆడు సెరిగిపోయేడు. అప్పుడు తెలివొచ్చింది. డబ్బా పలక ఎండకి తిప్పుకుని కూకున్నాను."

నేను బయటికొచ్చి వారధి పిట్టగోడ దగ్గర చాలాసేపు ఏడ్చాను. సంతోషంతోనే.

శుద్ధ సప్తమి

చెరిపిన పేరు మళ్లీ పెట్టకూడదన్నది కట్టుబాటు. సింహాద్రి కొత్త పడవ కోసం కొత్త పేరు కావాలి, కొత్త మాట కావాలి. అవి తరువాత చూద్దామన్నాడు. కొన్ని ఇళ్లలో పిల్లలు వాడు ఎదురైతే పక్కకు తప్పుకుంటున్నారు. వాడు వాళ్లను ఏమీ అనడం లేదు.

అంచనా కోడ్‌ను మూడు బిల్డ్‌ల నుంచీ పూర్తిగా తీసేశాను. ఇక నుంచి పలకని పడవ గుర్తు, ఆఖరున పలికిన చోటే కదలకుండా ఉంటుంది.

ఇంత రాసి మూసేద్దామనుకున్నాను. సాయంత్రం బజారు నుంచి పిలుపొచ్చింది. పెద్ద తెర మీద రేవులంకలో గంగచిలక మళ్లీ ఉంది.

సింహాద్రి నా పక్కనే నిలబడి చూశాడు. వాడి చెయ్యి నా భుజం మీద ఉంది, చల్లగా ఉంది.

గుర్తు ఏ యంత్రాల మీదుగా వచ్చిందో ప్రోగ్రాం చూపిస్తుంది. నాది కాదు. యాకోబు గారిది కాదు. మాకు తెలియని ఒక పేరు. దక్షిణాన ఎక్కడో, మాకు ఇంతకు ముందు ఎప్పుడూ అందని చోట. నిరుడు ఉప్పు పడవలవాళ్లు షెల్టర్ దగ్గర ఆగి ప్రోగ్రాం అడిగితే, షరతు ప్రకారం యాకోబు గారు తన కాపీ ఇచ్చారట. రోడ్లతో సహా. వాళ్లెవరో దాన్ని బిల్డ్ చేసుకున్నారు. మా గొడవలో మేముంటే, గాలి ఖాళీ అయ్యాక ఇప్పుడు వాళ్ల మాట మాకు అందుతోంది.

నా గదికి తిరిగొచ్చి, మైకు తీసుకుని సింహాద్రే చెప్పాడు. "ఆ గుర్తు నాది. నేను ఇంట్లో ఉన్నాను. ఎవరూ అక్కడ లేరు. ఎతక్కండి. ఓవర్."

చాలాసేపటికి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది. అలలు అలలుగా. "మీ పడవ కదలడం లేదని చూసి, ఆపదలో ఉన్నారేమోనని మావాళ్లు ఇద్దరు మొన్న బయలుదేరారు. మీ దగ్గరకు చేరారా? ఓవర్."

"లేదమ్మా" అన్నాను. "వాళ్ల డబ్బా పలుకుతోందా?"

"నిన్నటి నుంచి పలకడం లేదు. కానీ కనిపిస్తున్నారు. బాగానే వస్తున్నారు. ఇప్పుడే ఒక కూడలి దగ్గర మలుపు తిరిగారు. ఓవర్."

మైకు దగ్గరికి లాక్కున్నాను. చెప్పక తప్పదు.

"అమ్మా, రోడ్డు మీద నడుస్తుంటే అది వాళ్లు కాదు. ఆఖరున వాళ్ల డబ్బా ఎక్కడ పలికిందో చెప్పు. కనిపించేది కాదు, వినిపించింది చెప్పు."

శుద్ధ అష్టమి

సింహాద్రి బయలుదేరాడు. బంగారయ్య పెద్ద పడవ ఇచ్చాడు, తనూ ఎక్కాడు. సింహాద్రికి ఇంకా కాళ్లు నిలవడం లేదని నేను గొడవ చేశాను. "నా కోసం ఎల్లినోళ్లక్కా" అన్నాడు సింహాద్రి. "నేను ట్యాంకు మీద కూకుని ఎదురుసూసేను. అది ఎలాగుంటదో నాకు తెలుసు."

ఆ పడవకు బిగించిన వాడి డబ్బాకు కొత్త పేరు పెట్టాను, దానికి మాట పెట్టమని అచ్చియ్యమ్మను అడిగాను. ఆమె అన్నం మూట కడుతోంది. తలెత్తలేదు.

"మాటియ్యను. మాట లేకుండానే ఎల్లమను."

మాట లేని గుర్తును ఇక ఎవరూ చెరపలేరని చెప్పాను. తెలుసంది. ఖాళీ మాటను ప్రోగ్రాం ఒప్పుకోలేదు. కోడ్‌లో ఆ వరుస తీసేసి, మూడు యంత్రాల మీదా మళ్లీ బిల్డ్ చేశాను. మ్యాక్ ఈసారి మొరాయించలేదు.

శుద్ధ నవమి

ఆ ఊరుకాని ఊరి గొంతు గంటకోసారి అడుగుతోంది. ఇంకా లేదని చెబుతున్నాను. ఆమె తన యంత్రంలో అంచనా ఆపేసింది. వాళ్ల పడవ గుర్తు ఆగిపోయాక తను తెర చూడలేకపోతున్నానంది. నేను చూస్తుంటానన్నాను.

పొద్దున్న సింహాద్రి డబ్బా ఆమె చెప్పిన దిక్కున, దారి సగంలో పలికింది. తరువాత మబ్బు పట్టింది.

అచ్చియ్యమ్మ వచ్చి నా పక్కన నేల మీద కూర్చుంది. తెర వైపు చాలాసేపు చూసింది.

"కదలట్లేదొదినా" అంది.

"కదలదు. వాడు చెప్పేదాకా కదలదు."

"అదే మంచిది" అంది.

రేడియో కాస్త పెద్దది చేశాను. ఇద్దరం వింటూ కూర్చున్నాం.